సీటీ నార్మల్, ఎమ్మారైలో మచ్చ, తగ్గని తలనొప్పి: దేన్ని చూసి అంచనా వేయాలి?

మీరు రాసినదాంట్లో ముఖ్యమైనవి ముందు ఒకచోట పెడతాను. మీ బాబుకి పదిహేనేళ్లు. పద్దెనిమిది రోజుల క్రితం ఫుట్‌బాల్ ఆడుతుంటే ఇంకో కుర్రాడి తల వాడి తలకు గట్టిగా తగిలింది. స్పృహ తప్పలేదు గానీ కొన్ని నిమిషాలు అయోమయంగా ఉన్నాడు, ఒకసారి వాంతి చేసుకున్నాడు. ఆ అరగంటలో జరిగినవి ఇప్పటికీ గుర్తు లేవు. ఎమర్జెన్సీలో సీటీ తీసి నార్మల్ అన్నారు, రెస్ట్ ఇవ్వమని ఇంటికి పంపారు. తలనొప్పి పోలేదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు కదులుతున్నాయట, కాస్త గోల ఉన్నా భరించలేకపోతున్నాడట. అందుకని మీరు ఎమ్మారై తీయించారు. అందులో రెండు విషయాలు రాశారు: కుడి ఫ్రంటల్ లోబ్ (నుదుటి వెనక భాగం) వైట్ మ్యాటర్‌లో, అంటే నరాల తీగలుండే లోపలి భాగంలో, చిన్న మచ్చ ఒకటి, ఎడమ టెంపోరల్ లోబ్ (కణత వైపు భాగం) ముందు భాగంలో అరాక్నాయిడ్ సిస్ట్ అనే చిన్న నీటి సంచి ఒకటి. సీటీలో తప్పు జరిగిందా, మెదడు దెబ్బతిందా, డీటీఐ అనే ఇంకో స్కాన్ కూడా తీయించాలా, మళ్లీ మామూలుగా చదవగలడా, ఎప్పుడు ఆడొచ్చు అని అడిగారు.

నేను పిల్లల న్యూరాలజిస్టుని. తలకు దెబ్బ తగిలిన పిల్లల్ని, వాళ్లకంటే ఎక్కువ కంగారులో ఉన్న తల్లిదండ్రుల్ని చూడటమే నా రోజువారీ పని. బాబుని నేను పరీక్ష చేయలేదు కాబట్టి ఇది మీ డాక్టరు మాటకు బదులు కాదు. అయినా మీరు రాసినదాన్ని బట్టి నా అభిప్రాయం చెప్తాను. వాడు పూర్తిగా కోలుకునే అవకాశమే చాలా ఎక్కువ. సీటీ తప్పు చెప్పలేదు. ఎమ్మారైలో రాసిన రెండూ బహుశా ఈ దెబ్బ వల్ల వచ్చినవి కావు. ఇప్పుడు పట్టించుకోవలసింది వాడి కళ్లు, మెడ, నిద్ర, రోజు ఎలా గడుస్తోందన్నది. ఇంకో స్కాన్ గురించి ఆలోచించాల్సిన పని లేదు.

సీటీ దగ్గర మొదలుపెడదాం. తలకు దెబ్బ తగిలి వచ్చిన పిల్లాణ్ణి చూడగానే ఎమర్జెన్సీ డాక్టరుకి ఉండే భయం ఒక్కటే: లోపల రక్తం చేరుతోందా, వెంటనే ఆపరేషన్ చేయాల్సి వస్తుందా? పుర్రె లోపలి వైపున ఒక రక్తనాళం ఉంటుంది. కణత దగ్గర ఎముక విరిగితే అది తెగి, పుర్రెకీ మెదడుని కప్పే పొరకీ మధ్య రక్తం చేరుతుంది. మొదట పిల్లాడు మామూలుగానే మాట్లాడతాడు, గంటల్లో పరిస్థితి తిరగబడుతుంది. దాన్ని ఎపిడ్యూరల్ హెమటోమా అంటారు. సమయానికి పట్టుకుంటే ప్రాణం నిలబడుతుంది, పట్టుకోకపోతే పోవచ్చు. తాజా రక్తాన్నీ విరిగిన ఎముకనీ నిమిషాల్లో చూపించడంలో సీటీకి సాటి లేదు. మీ బాబు సీటీ ఆ ప్రశ్నకే జవాబు చెప్పింది: రక్తం లేదు, ఎముక విరగలేదు. ఆ జవాబు సరైనదే.

దెబ్బ తగిలిన ప్రతి పిల్లాడికీ సీటీ ఎందుకు తీయరని కూడా చాలామంది అడుగుతారు. 2009లో అమెరికాలో పెకార్న్ అనే పిల్లల ఎమర్జెన్సీ విభాగాల బృందం 42,412 మంది పిల్లల మీద చేసిన అధ్యయనాన్ని లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. వాళ్లందరూ తలకు దెబ్బ తగిలి, దాదాపు మామూలు స్పృహతో ఆసుపత్రికి వచ్చినవాళ్లే. ఆపరేషనో, ఆసుపత్రిలో చెప్పుకోదగ్గ చికిత్సో అవసరమయ్యేంత గాయం ఉన్నవాళ్లు నూటికి ఒకరికన్నా తక్కువే. రెండేళ్లు దాటిన పిల్లల్లో మగత, అయోమయం లేకపోతే, స్పృహ తప్పకపోతే, వాంతి కాకపోతే, తీవ్రమైన తలనొప్పి లేకపోతే, పుర్రె అడుగుభాగం విరిగిన గుర్తులు లేకపోతే, దెబ్బ తగిలిన తీరు ప్రమాదకరమైనది కాకపోతే, పెద్ద గాయం ఉండే అవకాశం రెండు వేల మందిలో ఒకరికన్నా తక్కువ. అలాంటివాళ్లకు సీటీ అక్కర్లేదు. ఇందులో ఏదో ఒకటి ఉన్నా వెంటనే సీటీయే తీయాలని లేదు, చాలాసార్లు కొన్ని గంటలు దగ్గర పెట్టుకుని గమనిస్తే సరిపోతుంది. మీ బాబు అయోమయంగా ఉన్నాడు, వాంతి చేసుకున్నాడు, జరిగింది మర్చిపోయాడు కాబట్టి తీసి ఉంటారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

అయితే సీటీ అంటే రేడియేషన్. తలకు ఒక్కసారి తీస్తే పడేది ప్రకృతిలో మనందరికీ సహజంగా ఏడాదిలో తగిలేదానికి దాదాపు సమానం. ఒక పిల్లాడికి దానివల్ల వచ్చే ముప్పు చాలా చిన్నది. కానీ ఎదిగే వయసులో "ఎందుకైనా మంచిది, మళ్లీ తీద్దాం" అనడం మంచి అలవాటు కాదు. లక్షణాలు పెరుగుతుంటేనో, కొత్తవి వస్తేనో మళ్లీ తీయాలి. తగ్గడం ఆలస్యమవుతోందని మాత్రమే తీయకూడదు.

మరి సీటీ బాగుంటే తలనొప్పి ఎందుకు? దెబ్బ తగిలినప్పుడు మెదడు పుర్రెలో ఒక్కసారిగా కుదుపుకి లోనవుతుంది. నరాల తీగలు క్షణకాలం సాగుతాయి. కణాల పొరలు వదులై లోపలి పొటాషియం బయటికి, బయటి కాల్షియం లోపలికి పోతాయి. అదుపు తప్పిన ఈ లవణాలను మళ్లీ యథాస్థానానికి పంపడానికి కణాలకు చాలా శక్తి కావాలి. సరిగ్గా అదే సమయంలో మెదడుకి రక్త ప్రసారం మామూలుకన్నా తగ్గుతుంది. కావలసింది ఎక్కువ, అందేది తక్కువ. 2001లో గీజా, హోవ్డా అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని వివరంగా రాశారు. ఈ అసమతుల్యం సర్దుకోవడానికి రోజుల నుంచి వారాలు పడుతుంది. ఇదంతా కణాల పనితీరులో వచ్చే ఇబ్బంది. అక్కడ రక్తం కారదు, ఏదీ చిరగదు, కాబట్టి సీటీలో కనపడదు. మీ బాబు చెప్తున్న తలనొప్పి, అలసట, గోల పడకపోవడం అన్నీ నిజమే. స్కాన్ నార్మల్ వచ్చింది కాబట్టి వాడు బడికి వెళ్లకుండా ఉండటానికి నటిస్తున్నాడని ఎవరైనా అంటే ఆ మాట దయచేసి వాడి చెవిన పడనివ్వకండి. ఆ మాట విన్న పిల్లలు తర్వాత నొప్పి ఉన్నా చెప్పరు.

మైల్డ్ (స్వల్ప గాయం) అని డిశ్చార్జ్ కాగితంలో రాశారని బాధపడ్డారు. దానికి ఒక లెక్క ఉంది. కళ్లు తెరవడం, మాట, కదలికలను చూసి 3 నుంచి 15 వరకు మార్కులు వేసే గ్లాస్గో కోమా స్కేల్ 1974 నుంచి వాడుకలో ఉంది. అందులో 13 నుంచి 15 వచ్చి, స్పృహ తప్పినా అరగంట దాటకుండా, మతిమరుపు ఒక రోజు దాటకుండా ఉంటే మైల్డ్ అంటారు. మొదటి రోజు పరిస్థితిని బట్టి వేసే లెక్క ఇది. ఎన్నాళ్లకు తగ్గుతుందో దీన్ని బట్టి చెప్పలేం.

ఇక మిమ్మల్ని నిద్రపోనివ్వని ఎమ్మారై రిపోర్టు. ముందు మీరు పంపిన వాక్యాల్లో మీరు పట్టించుకోని ఒక వాక్యం గురించి చెప్తాను: ఎస్‌డబ్ల్యూఐలో రక్తపు చుక్కలేవీ లేవని రాశారు. ఎస్‌డబ్ల్యూఐ అంటే ఎమ్మారైలో ఒక రకం చిత్రం. ఎక్కడైనా సూదిమొనంత రక్తం కారినా, అందులోని ఇనుము వల్ల ఇందులో నల్లని చుక్కలా కనిపిస్తుంది. ఆ చుక్కలు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవచ్చు. నరాల తీగలు తెగేంత దెబ్బ తగిలినప్పుడు తరచూ ఇలాంటి చుక్కలు పడతాయి. అవి మెదడు పైపొరకీ లోపలి వైట్ మ్యాటర్‌కీ మధ్య సరిహద్దులో, రెండు అర్ధభాగాలను కలిపే కార్పస్ కలోజమ్‌లో గుంపుగా ఉంటాయి. మీ రిపోర్టులో అవి లేవు. నేనైతే ముందు చూసేది అదే.

ఫ్రంటల్ లోబ్ మచ్చ సంగతి. ఫ్లెయిర్ అనే చిత్రంలో తెల్లగా, కొన్ని మిల్లీమీటర్ల సైజులో ఒకే ఒక్క చుక్క, పక్కన "నాన్-స్పెసిఫిక్" అని రాశారు. అంటే దీన్ని చూసి కారణం ఇదీ అని చెప్పలేం అని. ఎప్పుడూ దెబ్బ తగలని పిల్లల్లో కూడా ఇలాంటి చుక్కలు కనిపిస్తాయి. మైగ్రేన్ ఉన్నవాళ్లలో ఇంకొంచెం ఎక్కువ. దెబ్బకు ముందు తీసిన ఎమ్మారై లేదు కాబట్టి అది ఎప్పటిదో తేల్చి చెప్పడం ఎవరి వల్లా కాదు. కానీ ఒంటరిగా ఉండటం, ఉన్న చోటు, పక్కన రక్తపు చుక్క లేకపోవడం చూస్తే పాతదే అయి ఉంటుందని నా అంచనా. ఒకవేళ కొత్తదే అనుకున్నా, అంత చిన్న చుక్క వల్ల వాడి చదువు పోదు, ఇవ్వాల్సిన చికిత్సా మారదు.

రిపోర్టు చేతికి రాగానే ఇంట్లో ఏం జరుగుతుందో నాకు బాగా తెలుసు. రాత్రి పిల్లలు పడుకున్నాక అందులోని ఒక్కో పదాన్నీ ఫోన్‌లో వెతుకుతారు. ఆ చుక్కకి వాడే పదాన్నే మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బుకి, పక్షవాతానికి, వృద్ధాప్యంలో వచ్చే మతిమరుపుకి కూడా వాడతారు కాబట్టి వెతికితే అవన్నీ వరసపెట్టి వస్తాయి. తెల్లారేసరికి ఆ తల్లి మొహం చూస్తే పిల్లాడికి అర్థమైపోతుంది తనకేదో పెద్ద జబ్బు వచ్చిందని. రేడియాలజిస్టు బాధ్యత కనిపించిన ప్రతిదీ రాయడం. అందులో ఈ పిల్లాడికి సంబంధించింది ఏదో చెప్పడం వాణ్ణి పరీక్ష చేసిన డాక్టరు పని. రిపోర్టు ఒక్కటే కాకుండా ఫిల్ముల సీడీ కూడా పట్టుకెళ్లి, పిల్లల మెదడు చిత్రాలు చూసే అలవాటున్న డాక్టరుకి చూపించండి.

అరాక్నాయిడ్ సిస్ట్ పుట్టుకతో వచ్చేది. మెదడు పొరల మధ్య నీరు నిండిన చిన్న సంచి. మీ బాబుది ఉన్న చోటే అన్నిటికన్నా మామూలుగా కనిపించే చోటు. వేరే కారణాలకు తల స్కాన్ తీసినప్పుడు బయటపడే వాటిలో ఇదొకటి. చాలామందికి జీవితాంతం దానితో ఏ ఇబ్బందీ ఉండదు. దెబ్బ వల్ల రాలేదు, తలనొప్పికి కారణమూ బహుశా కాదు. ఒక్క విషయంలో మాత్రం దాన్ని గుర్తుపెట్టుకోవాలి. ఈ సిస్ట్ ఉన్నవాళ్లలో చిన్న దెబ్బకే ఆ చుట్టుపక్కల సబ్‌డ్యూరల్ అనే రక్తస్రావం అయిన సందర్భాలు ఉన్నాయి. అరుదే, కానీ ఉన్నాయి. మీ బాబుకి అలాంటిది లేదని రెండు స్కాన్లూ చెప్పాయి కాబట్టి ఇప్పటికి బెంగ లేదు. మళ్లీ ఫుట్‌బాల్‌కి పంపేముందు మాత్రం న్యూరోసర్జన్‌తో ఒకసారి మాట్లాడండి. సిస్ట్ సైజు, పక్కన ఒత్తిడి ఉందా లేదా చూసి చెప్తారు. చాలామంది పిల్లలకు ఆడొద్దని చెప్పాల్సిన అవసరం రాదు.

డీటీఐ గురించి అడిగారు. వైట్ మ్యాటర్‌లోని తీగల వెంట నీటి అణువులు ఎటు కదులుతున్నాయో కొలిచి, తీగలు ఎంత పదిలంగా ఉన్నాయో ఒక అంకెలో అంచనా కట్టే పద్ధతి అది. పరిశోధనలో చాలా విలువైనది. దెబ్బ తగిలిన వందమందినీ తగలని వందమందినీ పోలిస్తే సగటులో తేడా కనిపించవచ్చు. ఒక్క పిల్లాడి దగ్గరికి వచ్చేసరికి ఆ అంకె ఏం చెప్తోందో తేల్చడం కష్టం. కొన్ని అధ్యయనాల్లో దెబ్బ తర్వాత ఆ అంకె పెరిగింది, కొన్నింట్లో తగ్గింది. స్కానర్ మారితే మారుతుంది. పైగా ఈ వయసులో వైట్ మ్యాటర్ ఇంకా ఎదుగుతూనే ఉంటుంది, ఇరవైలలోకి వెళ్లేదాకా ఆగదు, కాబట్టి ఆ అంకె దానంతటదే ఏటేటా మారుతుంటుంది. డీటీఐ తీయించి ఒక పిల్లాడు ఎప్పుడు కోలుకుంటాడో చెప్పగలిగే పరిస్థితి ఇప్పటికి లేదు. ఆ టెన్షన్ ఇంకోటి ఇంటికి తెచ్చుకోకండి.

సీటీలోనే చిన్న రక్తపు మచ్చో, సన్నని పగులో కనిపించిన పిల్లల తల్లిదండ్రులు కూడా ఇది చదవొచ్చు. ఆ పిల్లల్లో కూడా ఎక్కువమంది బాగా కోలుకుంటారు. కొంచెం ఎక్కువ కాలం పట్టొచ్చు, ఆటలకు తిరిగి వెళ్లడం ఆలస్యమవుతుంది. ఆ నిర్ణయం న్యూరోసర్జన్‌కే వదలాలి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించిన విషయం. దెబ్బ తగిలినప్పటి నుంచి బాబుని కర్టెన్లు వేసిన గదిలో, ఫోను, పుస్తకం, స్నేహితులు లేకుండా పడుకోబెట్టామని రాశారు. ప్రేమతోనే చేశారు, ఒకప్పుడు మేమూ ఇంచుమించు అలాగే చెప్పేవాళ్లం. కానీ ఇప్పుడు తెలిసినదాన్ని బట్టి అది కోలుకోవడాన్ని ఆలస్యం చేస్తుంది. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో కొందరు పిల్లలకు అయిదు రోజులు పూర్తి విశ్రాంతి ఇచ్చారు, ఇంకొందరికి ఒకటి రెండు రోజులు విశ్రాంతి ఇచ్చి తర్వాత మెల్లగా పనుల్లోకి పంపారు. పూర్తి విశ్రాంతి తీసుకున్నవాళ్లే ఎక్కువ లక్షణాలు చెప్పారు. 2019లో వచ్చిన అధ్యయనంలో అమెరికాలోని బఫెలో నగర పరిశోధకులు 103 మంది యువ క్రీడాకారుల్లో సగంమందికి దెబ్బ తగిలిన మొదటి పది రోజుల్లోపే తేలికపాటి ఏరోబిక్ వ్యాయామం మొదలుపెట్టించారు, మిగతావాళ్లకు ఒళ్లు సాగదీసే వ్యాయామాలు ఇచ్చారు. మొదటివాళ్లు మధ్యస్థంగా 13 రోజుల్లో, రెండోవాళ్లు 17 రోజుల్లో కోలుకున్నారు. స్క్రీన్ సంగతి కాస్త వేరు: 2021 నాటి అధ్యయనంలో మొదటి 48 గంటలు స్క్రీన్ మానేసినవాళ్లకు లక్షణాలు త్వరగా తగ్గాయి. అంటే మొదటి రెండు రోజులు ఫోను పక్కన పెట్టడం మంచిదే, పద్దెనిమిది రోజుల తర్వాత కూడా దాచిపెట్టడంలో అర్థం లేదు. 2022 అక్టోబర్‌లో ఆమ్‌స్టర్‌డామ్‌లో నిపుణులు కూర్చుని రాసిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా ఇదే చెప్తాయి: ఒకటి రెండు రోజుల విశ్రాంతి, ఆ తర్వాత మెల్లగా కదలిక.

కాబట్టి రేపు ఉదయం ఆ కర్టెన్లు తీసేయండి. వాణ్ణి బయటికి నడకకు తీసుకెళ్లండి. మాట్లాడుతూ నడవగలిగేంత వేగం చాలు, మొదట పది పదిహేను నిమిషాలు. నడిచేముందు తలనొప్పికి పదికి ఎన్ని మార్కులు వేస్తాడో అడగండి. నడిచాక అది రెండు మార్కుల వరకు పెరిగి గంటలోపు తగ్గిపోతే ఫర్వాలేదు, మర్నాడు కూడా అంతే చేయించండి, రెండు మూడు రోజులకోసారి పెంచుకుంటూ పోండి. అంతకన్నా పెరిగితే ఆ రోజుకి ఆపి మర్నాడు కాస్త తగ్గించండి. నొప్పి కొంచెం పెరగడమంటే మెదడుకి మళ్లీ హాని జరుగుతోందని కాదు. ఇది మీకన్నా వాడికి అర్థం కావాలి. చాలామంది పిల్లలు ఆ భయంతోనే మంచం దిగరు.

నిద్రకి వేళ పెట్టండి. పగలు గంటలకొద్దీ పడుకుంటే రాత్రి నిద్ర రాదు, నిద్ర లేకపోతే తలనొప్పి వదలదు. నీళ్లు, భోజనం వేళకి. పారాసెటమాల్ రోజూ ఇస్తున్నామని రాశారు. మొదటి రోజుల్లో సరే. కానీ నొప్పి మాత్రలు వారాల తరబడి దాదాపు రోజూ వేసుకుంటే ఆ మాత్రల వల్లే తలనొప్పి మొదలవుతుంది. వారంలో రెండు మూడు రోజులకు మించకుండా తగ్గించండి, అది కుదరకపోతే డాక్టరుని అడిగి వేరే మార్గం చూడండి.

అక్షరాలు కదులుతున్నాయన్న మాట దగ్గర ఆగాలి, ఎందుకంటే వాడి చదువు సమస్యకి జవాబు చాలావరకు అక్కడే ఉండొచ్చు. దగ్గరగా ఉన్న వస్తువుని చూడాలంటే రెండు కళ్లూ ముక్కు వైపు సమంగా తిరగాలి. తల దెబ్బ తర్వాత చాలామంది పిల్లల్లో ఇది కొన్నాళ్లు మందగిస్తుంది. మామూలు కంటి పరీక్షలో చూపు ఆరుకి ఆరు అని వస్తుంది, ఏ లోపం లేదంటారు. నేను చేసేది ఏమిటంటే, పెన్ను మీద ఉన్న చిన్న అక్షరాన్ని పిల్లాడి కళ్ల ముందు చేతి దూరంలో పెట్టి, మెల్లగా ముక్కు వైపు తెస్తూ, రెండుగా కనిపించగానే చెప్పమంటాను. సాధారణంగా అయిదారు సెంటీమీటర్ల దగ్గరికి వచ్చేదాకా ఒకటిగానే ఉంటుంది. ఈ పిల్లల్లో కొందరికి పన్నెండు, పదిహేను సెంటీమీటర్ల దగ్గరే రెండైపోతుంది. అంటే ఒళ్లో పెట్టుకున్న పుస్తకాన్ని ఒకటిగా చూడటానికే వాడి కళ్లు నానా తంటాలు పడుతున్నాయన్నమాట. పది నిమిషాలకు నుదురు నొప్పి, ఇరవై నిమిషాలకు వికారం. ఇంట్లోవాళ్లకి మాత్రం చదవడానికి కూర్చోలేకపోతున్నాడని, ఏకాగ్రత పోయిందని కనిపిస్తుంది. మెదడు మీద మచ్చ వల్లే అనుకుంటారు. చాలామందిలో ఇది దానంతటదే తగ్గుతుంది, లేకపోతే కంటి వ్యాయామాలు ఉన్నాయి. అలాగే తల వేగంగా అటూ ఇటూ తిప్పుతూ ఎదురుగా ఉన్న అక్షరాన్ని చూడమంటే కళ్లు తిరిగే పిల్లలుంటారు, అది చెవి లోపలి సమతౌల్య వ్యవస్థకి సంబంధించినది, దానికి ఫిజియోథెరపీ ఉంది.

మెడని కూడా ఎవరో ఒకరు చేత్తో తాకి చూడాలి. తలకు అంత దెబ్బ తగిలినప్పుడు మెడ కండరాలు కూడా దెబ్బతింటాయి. తల వెనక మొదలై కంటి వెనక్కి వచ్చే నొప్పి, మెడ తిప్పితే పెరిగే నొప్పి తరచూ మెడదే. దానికి మెదడు స్కాన్ ఎన్నిసార్లు తీసినా జవాబు దొరకదు, మంచి ఫిజియోథెరపిస్టు చేతిలో దొరుకుతుంది.

ఎన్నాళ్లు పడుతుందంటే, చాలామంది పిల్లలు నాలుగు వారాల్లో కోలుకుంటారు. 2016లో వచ్చిన అధ్యయనంలో కెనడాలోని తొమ్మిది పిల్లల ఎమర్జెన్సీల్లో 3,000 మందికి పైగా పిల్లల్ని గమనిస్తే, దాదాపు 30 శాతం మందికి 28 రోజుల తర్వాత కూడా కొన్ని లక్షణాలు మిగిలాయి. ఎక్కువ కాలం పట్టేది ఎవరికని చూస్తే తేలినవి: ఆడపిల్లలు, 13 ఏళ్లు దాటినవాళ్లు, ఇంతకుముందు మైగ్రేన్ ఉన్నవాళ్లు, మునుపటి దెబ్బ తగ్గడానికి వారం దాటినవాళ్లు, మొదటి రోజే తలనొప్పి, అలసట, శబ్దం పడకపోవడం ఉన్నవాళ్లు, ప్రశ్నలకు జవాబు మెల్లగా చెప్పేవాళ్లు. ఇవన్నీ పిల్లాణ్ణి అడిగి, పరీక్షించి తెలుసుకున్నవే. ఏ స్కానూ తీయకుండానే వేసే అంచనా ఇది. మీ బాబుకి వయసు, తలనొప్పి, గోల పడకపోవడం ఇందులో ఉన్నాయి, కాబట్టి ఇంకో రెండు మూడు వారాలు పట్టినా నేను ఆశ్చర్యపోను.

మీ గురించి కూడా ఒక మాట. "నొప్పి ఉందా? ఇప్పుడెలా ఉంది?" అని గంటగంటకీ అడుగుతున్నామని రాశారు. మానేయండి. అడిగిన ప్రతిసారీ వాడు తల లోపలికి చూసుకుంటాడు, వెతికితే నొప్పి దొరుకుతుంది. రోజుకి ఒకసారి, సాయంత్రం అడిగి పుస్తకంలో రాసుకోండి. వాడికి ముందు నుంచీ కంగారు స్వభావం ఉన్నా, ఈ మధ్య దిగులుగా, చిరాగ్గా ఉంటున్నా డాక్టరుకి అదీ చెప్పండి. దాన్ని పక్కన పెట్టి తలనొప్పిని ఒక్కదాన్నే నయం చేయడం కుదరదు.

ఆటకి ఎప్పుడు? పూర్తిగా బడికి వెళ్లి, మునుపటిలా చదవగలిగిన తర్వాతే. తేలిక నడక, కాస్త వేగం, ఒంటరిగా ఆటకు సంబంధించిన కసరత్తులు, ఇతరులను తగలకుండా ప్రాక్టీసు, డాక్టరు సరేనన్నాక పూర్తి ప్రాక్టీసు, ఆఖరున మ్యాచ్. ఒక్కో మెట్టుకీ కనీసం ఒక రోజు. ఎందుకింత జాగ్రత్త అంటే, మొదటి దెబ్బ తగ్గకముందే రెండోది తగిలితే చిన్న వయసువాళ్లలో అరుదుగా మెదడు ఒక్కసారిగా వాచిపోయి ప్రాణం మీదికి వస్తుంది. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక 13 ఏళ్ల కుర్రాడు దెబ్బ తగిలాక అదే మ్యాచ్‌లో మళ్లీ ఆడి ప్రాణాపాయం దాకా వెళ్లాడు. ఆ తర్వాత 2009లో అక్కడ చట్టం వచ్చింది: తల దెబ్బ అనుమానం ఉన్న పిల్లాణ్ణి వెంటనే ఆట నుంచి తప్పించాలి, వైద్యుల అనుమతి కాగితం లేకుండా తిరిగి ఆడనివ్వకూడదు. హెల్మెట్ పుర్రె విరగకుండా కాపాడుతుంది గానీ లోపల మెదడు కుదుపుని ఆపలేదు, దాని మీద భరోసా పెట్టుకోకండి.

ఇప్పటికీ అజాగ్రత్త పనికిరాని లక్షణాలు కొన్ని ఉన్నాయి. తలనొప్పి రోజురోజుకీ పెరుగుతూ పోవడం, వాంతులు మళ్లీ మళ్లీ రావడం, లేపితే లేవనంత మత్తు, ఫిట్స్, మాట తడబడటం, ఒక వైపు చెయ్యో కాలో బలహీనపడటం, రెండు కనుపాపలు వేర్వేరు సైజుల్లో కనిపించడం, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలాంటి ద్రవం కారడం, కొత్తగా అయోమయం. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి. సిస్ట్ ఉంది కాబట్టి అక్కడ ఆ మాట ముందే చెప్పండి, అప్పుడు మళ్లీ స్కాన్ తీయడం సబబే.

చివరగా బడి, పరీక్షలు. నొప్పి పూర్తిగా పోయేదాకా ఆగక్కర్లేదు. ఇంట్లో అరగంట, ముప్పావుగంట పుస్తకం పట్టుకోగలిగితే సగం రోజు పంపొచ్చు. డాక్టరు చేత బడికి ఒక లెటర్ రాయించండి. ఉత్తినే "విశ్రాంతి అవసరం" అని రాస్తే టీచర్లకు ఏం చేయాలో తెలియదు. మొదటి వారం సగం పూటే వస్తాడని, గంటకోసారి అయిదు నిమిషాలు నిశ్శబ్దంగా ఉన్న చోట కూర్చోనివ్వాలని, బోర్డు చూసి రాసుకునే బదులు నోట్సు జిరాక్స్ ఇవ్వాలని, హోంవర్క్ సగమే ఇవ్వాలని, ఒకే రోజు రెండు పరీక్షలు పెట్టకూడదని, రాసేటప్పుడు అదనపు సమయం ఇవ్వాలని, మైదానంలోకి దించకూడదని విడివిడిగా రాయించండి. రెండు వారాలకోసారి ఆ లెటర్‌ని మార్చి, తగ్గించుకుంటూ రావాలి. దెబ్బ తగిలి నాలుగు వారాలు దాటినా తలనొప్పీ కంటి ఇబ్బందీ ఇలాగే ఉంటే, కళ్లు, మెడ, సమతౌల్యం మూడూ చూసే చోటికి రిఫర్ చేయమని అడగండి. వెళ్లేటప్పుడు సీడీతో పాటు సాయంత్రాలు రాసుకున్న ఆ పుస్తకం కూడా తీసుకెళ్లండి.